కొండెక్కిన క్లోమం

మా అత్తగారింట్లో కొన్ని మాటలకు గడప లోపలికి ప్రవేశం లేదు. దీపం ఆరదు, కొండెక్కుతుంది. బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. బయటికి బయల్దేరిన మనిషి వెళ్తున్నానని అనకూడదు, వెళ్ళొస్తానని అనాలి. పొరపాటున అనేస్తే మా అత్త వెనక్కి పిలుస్తుంది. అలా వెనక్కి పిలవడం కూడా మంచిది కాదు కాబట్టి కాసేపు కూర్చోబెట్టి, మంచినీళ్ళు తాగించి, సరైన మాట అనిపించి పంపిస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఈ తతంగం వల్ల నేను బడికి ఆలస్యంగా వెళ్ళిన రోజులు బోలెడు. హెడ్మిస్ట్రెస్‌కు ఏమని చెప్పుకోను? తప్పు క్రియాపదం వాడానండీ, అందుకని బస్సు తప్పిపోయింది అనా?

వాళ్ళది పాత మద్రాసులో తరాల నాటి పప్పుల మండీ. కంది, మినుము, పెసర, శనగ అన్నీ బస్తాల లెక్కన అమ్మే టోకు వ్యాపారం. అంగట్లో కూర్చుని లేదు అనే మాట పలకరాదు. అడిగిన సరుకు లేకపోతే నిండుకుంది, రేపు వస్తుంది అనాలి. మా ఆయనకు ఈ అలవాటు ఒంట్లో ఇంకిపోయింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నాకు దేనికీ లేదని చెప్పలేదు. అలాగని అడిగింది తెచ్చిందీ లేదు. నేనేమో పురసవాక్కంలో ఒక ఆఫీసు గుమాస్తా కూతుర్ని. మా ఇంట్లో పప్పు అయిపోతే అయిపోయిందనే అనేవాళ్ళం, దానివల్ల ఎవరికీ ఏమీ కాలేదు. పైగా నేను తెలుగు పంతులమ్మను. మా బడిలో తెలుగు చదివే పిల్లలు ఏటేటా తగ్గిపోతుంటే, ఇంట్లో మాత్రం ప్రతి మాటకూ పరీక్ష పెట్టే మనిషి దొరికింది.

ఇలాంటి ఇంట్లో, మా ఆయన కడుపులోని ఒక అవయవం సగానికి సగం చచ్చిపోయింది.

ఆ రోజు ఆయన అంగడి నుంచి పెందలాడే వచ్చేశాడు. పొట్ట పట్టుకుని వంగి నడుస్తున్నాడు. గ్యాసు అన్నాడు. మగవాళ్ళకు వచ్చే ప్రతి జబ్బుకూ మొదట పెట్టే పేరు అదే. ముందురోజు ఒక పెళ్ళిలో ఆయన మూడోసారి వడ్డించుకున్న బాదుషాల సంగతి నాకు తెలుసు కాబట్టి నేనూ నమ్మాను, కాస్త దెప్పాను కూడా. గోలీసోడా తాగాడు. తగ్గలేదు. మా అత్త ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి తీసి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు కాబట్టి గట్టి దిష్టేనని తేల్చింది. ఇంతలో నొప్పి వీపులోకి పాకింది. పడుకోలేడు, కూర్చోలేడు. మోకాళ్ళు పొట్టకు ఆనించుకుని మంచం అంచున ముడుచుకుపోయిన మనిషిని చూస్తే నా నోట్లో దెప్పుడుమాట ఆగిపోయింది. ఆటో పిలిచాను.

ఆసుపత్రిలో రక్తం తీశారు, స్కానులు తీశారు. పిత్తాశయంలోంచి ఒక చిన్న రాయి జారి, క్లోమ నాళం మూతి దగ్గర అడ్డం పడిందన్నారు. దాంతో క్లోమానికి పిచ్చెక్కి, అన్నాన్ని అరిగించాల్సిన తన రసంతో తననే అరిగించుకోవడం మొదలుపెట్టిందట. ఎవరి మీదో కోపంతో సొంత కొంపకు నిప్పు పెట్టుకునే మనుషుల్ని చూశాను గానీ, అవయవాల్లో కూడా అలాంటివి ఉంటాయని నాకు తెలీదు.

అత్తకు అసలు ఆ అవయవం మీదే నమ్మకం కుదరలేదు. క్లోమం అనే మాట నాకూ సైన్సు పుస్తకంలో బొమ్మ కింద చూసిన జ్ఞాపకమే తప్ప, ఎవరూ నోటితో అనగా విన్నది లేదు. గుండె తెలుసు, కాలేయం తెలుసు, చివరికి ఉన్నా లేకపోయినా ఒకటే అయిన అపెండిక్సు కూడా తెలుసు. ఇదేమిటి? తమిళంలో కణయం అంటారని డాక్టరు చెప్పాడు. మా అత్త తమిళం పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతోంది, అయినా ఆమెకు ఆ మాటా తెలీదు.

"ఇన్నేళ్ళొచ్చినా నాకు తెలీని సామాను, నా కొడుకు కడుపులోకి ఎట్ట వచ్చింది?" అని నన్ను నిలదీసింది. పెళ్ళి తర్వాత నేనే దాన్ని లోపల పెట్టినట్టు చూసింది.

చుట్టాల సంగతి ఇంకోలా ఉంది. క్లోమం జబ్బు అనగానే అందరికీ సారాయే గుర్తొస్తుంది. మా ఆయన జన్మలో ఒక్క చుక్క ముట్టిన మనిషి కాదు. దగ్గు మందులో ఆల్కహాల్ ఉందని ఎవరో చెబితే దగ్గుతూనే కూర్చున్న రకం. అయినా వచ్చినవాళ్ళంతా తలుపు దాకా వెళ్ళి, నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, ఎన్నాళ్ళుగా అని అడిగేవాళ్ళు. తిరువొత్తియూరులో ఉండే చిన్నత్త, అంటే మా అత్త చెల్లెలు, ఇడ్లీ డబ్బాతో వచ్చి నా చెయ్యి నిమిరి, మగాళ్ళు బయట ఏం చేస్తారో మనకేం తెలుస్తుంది లేమ్మా అని ఓదార్చింది. పిత్తాశయంలో రాయి అని నేను ప్రతివాళ్ళకూ చెప్పేదాన్ని. వాళ్ళు తల ఊపేవాళ్ళు. ఆ తల ఊపడం చూస్తే నాకు ఒళ్ళు మండేది. కొన్నాళ్ళకు విసుగెత్తి, అవునండీ, రాత్రీపగలూ అదే పని అనేశాను. ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

మొదటి వారం ఆయన ఐసీయూలో ఉన్నాడు. ఒంట్లోని నీళ్ళన్నీ తప్పుడు చోట్లకు చేరాయి, ఊపిరి బరువైంది, మూత్రపిండాలు మొరాయించాయి. మతి కూడా కొంచెం తప్పింది. ఒక కుర్ర డాక్టరు వంగి, వలి ఇరుక్కా, అంటే నొప్పి ఉందా అని తమిళంలో అడిగాడు. మా ఆయన కళ్ళు మూసుకునే, "ఇరుక్కు సార్, ఎవ్వళో వేణుం?" అన్నాడు. ఉంది సార్, ఎంత కావాలి అని. ఆ కుర్ర డాక్టరు తిరిగి నా మొహం చూశాడు. వ్యాపారస్తుడండీ అన్నాను. ఇంకేం చెప్పను. నవ్వొచ్చింది. గాజు తలుపు దాటి బయటికొచ్చేసరికి ఆ నవ్వు పోయింది.

సర్జను ఆజానుబాహుడు. తలుపు నిండా మనిషి. ఆయన నన్ను ఒక్కదాన్నే తన గదిలో కూర్చోబెట్టి స్కాను చూపించాడు. బతికి ఉన్న కండ తెల్లగా కనబడుతోంది, మధ్యలోదంతా మసకగా ఉంది. ఆ మసకంతా చచ్చిపోయిన కండ అన్నాడు. అది ఊరికే పడి ఉంటే పరవాలేదు, దానిలోకి క్రిములు చేరితే మాత్రం గండం. మరి కోసి తీసెయ్యొచ్చు కదా అన్నాను. ఇప్పుడు కాదు అన్నాడు. ఇప్పుడు చచ్చిందీ బతికిందీ కలగలిసి ఉన్నాయి, చెయ్యి పెడితే రక్తం ఆగదు. తోడు పెట్టిన పాలగిన్నెను కదపకుండా వదిలేస్తాం చూశారా, అలా నాలుగు వారాలైనా ఓపిక పట్టాలి. అప్పటికి శరీరమే ఆ చచ్చినదాని చుట్టూ గోడ కట్టుకుంటుంది. గోడ కట్టాక ఒక పక్క నుంచి సన్నగా దారి చేసుకుని లోపలికి వెళ్ళొచ్చు. పూర్వం పొట్టంతా తెరిచేవాళ్ళం, ఇప్పుడు వీలైనంత వరకు తెరవం అన్నాడు.

అంతా చెప్పి, ఈ జబ్బు ఇంత ముదిరినవాళ్ళలో కొందరు మనకు దక్కరమ్మా, ఇంట్లోవాళ్ళకు తెలిసి ఉండాలి అన్నాడు.

ఇంట్లోవాళ్ళకు తెలియడమంటే ఏమిటో ఆయనకేం తెలుసు. మా ఇంట్లో ఆ మాటకు వ్యాకరణమే లేదు. బయట కుర్చీలో అత్త ఎదురుచూస్తోంది. ఏమన్నాడమ్మా అంది. క్లోమంలో కొంత భాగం చచ్చి అనబోయాను. అత్త చెయ్యెత్తి నా నోటికి అడ్డం పెట్టింది. నిజంగానే పెట్టింది, అరచెయ్యి నా పెదాలకు తగిలింది. అప్పుడు నేను, కొంత భాగం కొండెక్కిందట అన్నాను. అత్త శ్రద్ధగా విని, సరి, ఎక్కితే ఎక్కిందిలే, మిగతాది బాగుండాదా అని అడిగింది. బాగుందన్నాను. దక్కరు అన్న మాట మాత్రం నా ఒక్కదాని దగ్గరే ఉండిపోయింది. దానికి మా ఇంట్లో చెల్లుబాటయ్యే పేరు ఎంత వెతికినా దొరకలేదు. పగలంతా అందరితో జోకులేస్తూ, మందుల దుకాణం దగ్గర వరసలో నిలబడి, నేను ఆ మాటను మోస్తూ తిరిగాను. చాలా భయపడ్డాను. ఆయన లేకపోతే ఎలా అని కాదు, ఆయన లేడు అని ఈ ఇంట్లో ఎవరూ అననైనా అనరే, నేనెవరితో చెప్పుకుని ఏడవాలి అని.

ఎదురుచూపు మొదలైంది. ఐసీయూ నుంచి గదికి మార్చారు. ముక్కులోంచి ఒక సన్నటి గొట్టం పొట్టను దాటించి, చిన్నపేగు దాకా వేశారు. దానిలోంచి ఒక మిషను పాలరంగు ద్రవాన్ని బొట్టుబొట్టుగా పంపేది. మతి కాస్త కుదుటపడ్డాక మా ఆయన దాన్ని చాలాసేపు పరిశీలించి, దీంట్లో ఏం పప్పు వేశారని నర్సును అడిగాడు. ప్రోటీన్ పొడి అని ఆమె చెప్పింది. ఆయన మొహం మాడ్చుకున్నాడు. ఊరందరికీ పప్పు అమ్మిన తనకు పొడి పోస్తారా అని నాతో గొణిగాడు. ఆ గొణుగుడు వినడానికి నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆ నర్సు గోదావరి వైపు అమ్మాయి, మద్రాసుకు వచ్చి ఏడాది కూడా కాలేదు. చలాకీ మనిషి. మా అత్తను మామ్మగారూ అని పిలిచేది. అత్తకు ఆ పిలుపు నచ్చింది గానీ ఆ పిల్ల తెలుగు నచ్చలేదు. రేడియోలో మాట్లాడినట్టు మాట్లాడతాదేందిరా ఈ బిడ్డ అనేది. ఆ పిల్లకేమో మా అత్త మాటలో సగం తమిళం, సగం నెల్లూరు, మిగతాది ఏమిటో అర్థమయ్యేది కాదు. ఇద్దరూ తెలుగులోనే మాట్లాడుకునేవాళ్ళు, నన్ను తర్జుమా చెయ్యమనేవాళ్ళు.

కొన్ని వారాలు గడిచాక జ్వరం మొదలైంది. లోపల క్రిములు చేరాయని సర్జను అన్నాడు. గోడ మాత్రం బాగానే కట్టింది. స్కానులో చూసుకుంటూ ఎడమ పక్క, నడుముకు కాస్త పైన, వీపు వైపు నుంచి ఒక ట్యూబు దించారు. దాని చివర సంచి. కాఫీ డికాషన్ రంగులో చిక్కటి ద్రవం అందులోకి దిగింది, జ్వరం తగ్గింది, అందరం ఊపిరి పీల్చుకున్నాం. కొందరికి ఈ ట్యూబుతోనే సరిపోతుంది, లేకపోతే ఇదే దారిలో కెమెరాతో లోపలికి వెళ్తాను అన్నాడు సర్జను. ఇది పారుతూ ఉండాలి, పారడం ఆగితే మాత్రం వెంటనే చెప్పండి, లోపల గడ్డలు అడ్డం పడినట్టు లెక్క అని నాతోనూ నర్సుతోనూ గట్టిగా చెప్పి వెళ్ళాడు. అత్తతో చెప్పలేదు. ఆమె ఆ సమయంలో కింద ఉన్న పిళ్ళయార్, అదే వినాయకుడి గుడిలో ఉంది.

కానీ సంచికి కాపలా బాధ్యత అత్త తనకు తానే తీసుకుంది. ఇంట్లో బియ్యం డబ్బా ఎలా చూస్తుందో అలా గంటకోసారి దుప్పటి ఎత్తి చూసేది. అందులోకి వచ్చేదంతా కొడుకు ఒంట్లోని చెడు అని ఆమెకు తెలుసు. అది తగ్గుతున్న కొద్దీ ఆమెకు సంతోషం. ఒకరోజు ఉదయం నేను స్నానానికి ఇంటికి వెళ్ళాను. నర్సు పొద్దున సంచి ఖాళీ చేసి వెళ్ళింది. ఆ తర్వాత అందులోకి ఒక్క చుక్క దిగలేదు. అత్త చూసింది, మళ్ళీ చూసింది, గోడ మీదున్న క్యాలెండరు దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

అప్పుడే నర్సు చేతుల నిండా మందులతో తలుపు దగ్గర ఆగి, సంచి ఎలా ఉందండీ మామ్మగారూ అని అడిగింది. అత్త మొహం వెలిగిపోయింది. నిండుకుందమ్మా, అంతా నిండుకుంది అంది. ఆ పిల్ల మొహమూ వెలిగిపోయింది. ట్యూబు బ్రహ్మాండంగా పారుతోందన్నమాట. వచ్చి ఖాళీ చేస్తానండీ అని పరుగెత్తింది. పక్క గదిలో ఎవరికో వాంతులు, ఆ పక్క గదిలో ఇంకేదో. మధ్యలో చిన్న డాక్టరు ఫోన్ చేసి అడిగితే, సంచి నిండింది సార్, బాగా వస్తోంది అని చెప్పేసింది. చిన్న డాక్టరు సంతోషించి పెద్ద డాక్టరుకు చెప్పాడు. ఆ పూటకు ఆ అంతస్తులో అందరూ సంతోషంగా ఉన్నారు.

నేను వచ్చేసరికి మా ఆయన రెండు దుప్పట్ల కింద పళ్ళు కటకటలాడిస్తున్నాడు. అత్త ఏసీ ఆపించి, పాదాలకు తన శాలువా చుట్టి, చలి పట్టిందని చెప్పింది. నుదుటి మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. దుప్పటి ఎత్తి చూశాను. సంచి చదునుగా, కడిగి ఆరేసిన పాలకవరులా ఉంది. నర్సును పిలిచే బెల్లు నొక్కబోయాను. సరిగ్గా అప్పుడే నర్సు కొలిచే జగ్గు తీసుకుని లోపలికొచ్చింది.

"నిండిపోయిందన్నారు కదండీ మామ్మగారూ?" అంది ఆ పిల్ల, ఖాళీ సంచి చేత్తో పట్టుకుని.

"నిండిందని యాడన్నా?" అంది అత్త. "నిండుకుందన్నా."

ఇద్దరూ నా వైపు చూశారు. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వాళ్ళింట్లో బియ్యం అయిపోతే అయిపోయాయనే అంటారట, మా పుట్టింట్లో లాగే. ఈలోపు సర్జను వచ్చాడు, ఏమైందని అడిగాడు. ఒక పక్క మొగుడు వణికిపోతుంటే, నేను ఆ మంచం పక్కన నిలబడి, నిండింది అంటే ఒకటి, నిండుకుంది అంటే దానికి సరిగ్గా ఎదురు అని తమిళంలో వివరించాను. నా ఉద్యోగంలో ఎన్నో వ్యాకరణ పాఠాలు చెప్పాను గానీ ఇంత గుండె దడతో ఏదీ చెప్పలేదు. ఆయన రెండుసార్లు విన్నాడు. లేకపోతే ఉందనీ, అయిపోతే నిండిందనీ అంటారా మీరు అని అడిగాడు. మా ఇంట్లో అంటారండీ అన్నాను. ఆయన నవ్వలేదు. ట్యూబులోకి సెలైను ఎక్కించి చూశాడు, లోపలికి వెళ్ళలేదు. వెంటనే స్కానుకు పంపాడు.

అత్తను ఎవరూ ఏమీ అనలేదు. ఆమే కాసేపటికి నన్ను పిలిచి, నేనేమన్నా తప్పుగా చెప్పినానా అని అడిగింది. ఎప్పుడూ నా మాటలకు తప్పులు దిద్దే మనిషి అలా అడిగేసరికి నాకు కోపం రావాల్సిన చోట జాలి వేసింది. నువ్వు సరిగ్గానే చెప్పావత్తా, ట్యూబు తప్పు అన్నాను. అది నిజం కూడా. గడ్డలు ఆ పూట కాకపోతే మర్నాడు అడ్డం పడేవి. అంత చిక్కటిది అంత సన్నటి గొట్టంలో ఎన్నాళ్ళని పారుతుంది? సర్జను కూడా అదే అన్నాడు. మర్నాడు పొద్దున ఆపరేషన్ అన్నాడు. వీలైతే చిన్న దారిలోనే, లోపల రక్తం ఆగకపోతే మాత్రం పొట్ట తెరవాల్సి వస్తుంది, ఈ బలహీనతలో అది తట్టుకోవడం కష్టం అన్నాడు. సంతకం పెట్టమన్నాడు. పెట్టాను.

మర్నాడు ఆయన్ను స్ట్రెచర్ మీద తీసుకుపోతుంటే అత్త అడ్డం పోయి ఆపింది. ఏం కావాలమ్మా అంటే, వెళ్ళొస్తానని అనలేదు, అనమనండి అంది. మత్తుకు ముందు ఇచ్చిన సూదితో ఆయన నాలుక మొద్దుబారి ఉంది. అయినా అన్నాడు. వార్డుబాయ్‌లు ఓపికగా నిలబడ్డారు. ఆ ఒక్కసారి మాత్రం ఆ తతంగం నాకు విసుగనిపించలేదు. ఆయన అనకుండా వెళ్ళిపోయి ఉంటే నేనే ఆపేదాన్నేమో.

ఆపరేషన్ గురించి తర్వాత తెలుసుకున్నది చెబుతాను. ట్యూబు దించిన చిల్లునే మెల్లమెల్లగా వెడల్పు చేసి, ఆ దారిలో కెమెరా ఉన్న గొట్టం పంపుతారట. నీళ్ళతో కడుగుతూ, సన్నటి పట్టకారుతో చచ్చిన కండను ముక్కముక్కగా బయటికి లాగుతారు. దేనికదే ఊడి వచ్చేదాన్ని మాత్రమే తీస్తారు, పట్టుకున్నదాన్ని లాగరు. లాగితే నెత్తురు. అందుకే ఒక్కసారిలో అంతా తియ్యరు. అంత భారీ మనిషి అంత చిన్న చిల్లు ముందు కూర్చుని, గంటల తరబడి, రానిదాన్ని రానిదానిగా వదిలేసి, వచ్చేదాన్ని మాత్రం బుజ్జగించి బయటికి తెచ్చాడు. నేనైతే మొదటి పావుగంటలో ఓపిక పోయి గట్టిగా లాగేసి ఉండేదాన్ని.

థియేటరు బయటి హాల్లో మేం ముగ్గురం, నేను, అత్త, చిన్నత్త. చిన్నత్త ఇడ్లీలు తినమని బతిమాలుతోంది. సర్జను బయటికొచ్చి, పొట్ట తెరవలేదు అన్నాడు. అంతే విన్నాను, మిగతాది కాసేపు వినబడలేదు. రక్తం పెద్దగా పోలేదు, సగం పైగా శుభ్రమైంది, మళ్ళీ ఒకటి రెండుసార్లు వెళ్ళాలి అన్నాడు. ఫోనులో ఫోటో చూపించాడు. స్టీలు ట్రేలో బూడిదరంగు, నల్లరంగు ముక్కలు, నానబెట్టి మరిచిపోయిన చింతపండులా ఉన్నాయి. అత్త కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. ఇదా అంది. ఆపైన ఎవరూ ఊహించని ప్రశ్న వేసింది. అది తన కొడుకు ఒంట్లోది, ఇప్పుడు పోయింది కదా, మరి మైల ఉంటాదా అని.

సర్జనుకు ప్రశ్న అర్థం కాలేదు. నాకు అర్థమైంది గానీ జవాబు తెలీదు. అత్త పక్కకు వెళ్ళి ఇంటి పురోహితుడికి ఫోన్ చేసింది. ఆయన ఏ అవయవమని రెండుసార్లు అడిగాడట. చివరికి, మనిషి క్షేమంగా ఉన్నాడు కదమ్మా, ఏమీ లేదులే అన్నాడట. అత్తకు తృప్తి కలగలేదు. ఎందుకైనా మంచిదని ఇంటికి పోయి తలకు పోసుకుని వచ్చింది. కొండెక్కిందే తప్ప చచ్చిందని ఒప్పుకోని మనిషి, దాని కోసం తలస్నానం చేసింది. ఒప్పుకున్నట్టా, ఒప్పుకోనట్టా? నేను అడగలేదు. నేను కూడా ఆ రోజు తలకు పోసుకున్నాను. మరి నేనెందుకు చేశానో కూడా ఎవరూ అడగలేదు.

మళ్ళీ రెండుసార్లు తీసుకెళ్ళారు. ప్రతిసారీ ట్రేలో ముక్కలు తగ్గాయి. తర్వాత లావు ట్యూబు పోయి సన్నది, సన్నది పోయి ఇంకా సన్నది వచ్చాయి. ఆయన ఇంటికొచ్చాడు, పిత్తాశయాన్ని తర్వాత తీరిగ్గా తీశారు. ఆయనిప్పుడు భోజనానికి ముందు ఇన్సులిన్ సూది వేసుకోవాలి, భోజనంతో పాటు క్లోమం చెయ్యాల్సిన పని చేసే మాత్రలు మింగాలి. బజ్జీల బండి ముందు నుంచి వెళ్ళేటప్పుడు ఆయన నడక నెమ్మదిస్తుంది, నేను మోచేత్తో పొడుస్తాను.

చివరి ట్యూబు కూడా తీసేశాక నడుము పక్కన ఒక చిల్లు మిగిలింది. దానికి కుట్లు వేయరట, లోపలి నుంచి అదే పూడుకుంటూ రావాలట. రోజూ స్నానం తర్వాత ఆయన గోడ వైపు తిరిగి పడుకునేవాడు, నేను పాత గాజుగుడ్డ తీసి కొత్తది పెట్టేదాన్ని. మేం రోజూ పోట్లాడుకునేది అప్పుడే. ప్లాస్టరు లాగితే వెంట్రుకలు వస్తున్నాయని ఆయన, అంత సుకుమారులైతే రాళ్ళు ఎందుకు పెంచుకున్నారని నేను. గుడ్డ మీద మరక మొదట్లో అరచేయంత ఉండేది. తర్వాత్తర్వాత చిన్నదవుతూ వచ్చింది.

ఒకరోజు గుడ్డ తీస్తే పొడిగా ఉంది. తిప్పి చూశాను. కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి వెలుతురులో చూశాను. ఎక్కడా తడి లేదు. ఇన్నాళ్ళూ ఆసుపత్రిలో ఒక్క కన్నీటి చుక్క రాల్చని దాన్ని, ఆ గుడ్డముక్క చేతిలో పట్టుకుని ఏడ్చేశాను. చప్పుడు కాకుండా ఏడుద్దామనుకున్నాను గానీ ముక్కు సహకరించలేదు.

గోడ వైపు తిరిగి ఉన్న మనిషికి నేను కనబడను. ఆయన వీపు బిగుసుకుంది. మళ్ళీ చీము వచ్చిందా అన్నాడు. ఉంటే ఉందని చెప్పు, దాచొద్దు అన్నాడు. పొడిగా ఉందని చెప్పి, గుడ్డ తీసుకొచ్చి ఆయన కళ్ళ ముందు పెట్టాను. చాలాసేపు చూశాడు. మరి ఏడుపెందుకన్నాడు. నేను కొంగుతో ముక్కు తుడుచుకున్నాను.

"నేను చచ్చిపోతాననుకున్నావా?" అన్నాడు.

వంటింట్లో అట్లకాడ చప్పుడు ఆగింది. నాకు వినబడింది. ఆయనకూ వినబడే ఉంటుంది.

"అనుకున్నాను," అన్నాను.

"నేనూ అనుకున్నా," అన్నాడు. "చెప్తే నువ్వు భయపడతావని చెప్పలా."

అత్త గుమ్మంలోకి వచ్చింది. చేతిలో అట్లకాడ అలాగే ఉంది. ఇద్దరికీ చీవాట్లు తప్పవనుకున్నాను. ఇప్పుడు ఎన్ని మంచినీళ్ళు తాగించి, ఏ మాటలు అనిపించి ఈ పాపం కడుగుతుందో అనుకున్నాను.

"నేను మాత్రం అనుకోలా?" అంది అత్త. వచ్చి, మంచం మీద కొడుకు కాళ్ళ దగ్గర కూర్చుంది.